పన్నెండోవాడి ఛాన్సు

"ఈరోజు కూడా నేను బయటేనా అన్నా?"

సుత్తి చేతిలో పట్టుకునే అడిగాడు చిన్నపోలయ్య. పిచ్ మీద కొబ్బరి పీచు మ్యాటు సగం పరిచి ఉంది. దాన్ని బిగలాగి అంచులకు మేకులు కొట్టడం అతని పని. ఇందుకూరుపేట క్రికెట్ జట్టులో మూడేళ్ళుగా అతను పన్నెండోవాడు. మ్యాటు పరచాలి, నీళ్ళు మొయ్యాలి, ఎవరైనా ఫోరు కొడితే చప్పట్లు కొట్టాలి. బ్యాటు మాత్రం ముట్టకూడదు.

"బయటేరా," అన్నాడు కెప్టెన్ గంగాధరం, తెల్లచొక్కా చేతులు మడుచుకుంటూ.

"ఆంధ్రా జట్టుకు మనుషుల్ని ఎంచేదానికి గుంటూరు నుంచి పెద్దాయన వస్తా ఉండాడంట. ఆయన ముందర ఒక్క ఆట ఆడనీయన్నా. ఇండియా టీములోనే కుర్రోళ్ళను ఎక్కిస్తా ఉండారు."

"ఇండియా టీము మొన్న ఇంగ్లండు పోయి అయిదు టెస్టులకి అయిదూ ఓడొచ్చింది. ఓడేవాళ్ళకు కుర్రోళ్ళు కావాల. మనం వరసగా పద్నాలుగు ఆటలు గెలిచినాం. గెలిచే జట్టులో కుర్రోళ్ళకు ఛాన్సు ఎప్పుడియ్యాల్నో నాకు తెలుసు, నువ్వు చెప్పబాక. మేకులు గట్టిగా కొట్టు."

అనేసి, టీ తాగడానికి షామియానా వైపు వెళ్ళిపోయాడు.

చిన్నపోలయ్యకు ఒళ్ళు మండిపోయింది. మైపాడు రేవులో వల విసిరే చెయ్యి అతనిది. బౌండరీ దగ్గర నుంచి బంతి విసిరితే వికెట్టుకు తగలాల్సిందే. ఆ చేతికి గంగాధరం ఇచ్చింది సుత్తీ, నీళ్ళబిందే. వాళ్ళమ్మ పేరమ్మ మూడేళ్ళ కిందట కుట్టించిన తెల్లపంట్లాం మోకాళ్ళ దగ్గర ఈనాటికీ మాయలేదు.

"నీ పరువు ఈరోజు తీస్తా. ఆ పెద్దాయన కళ్ళముందరే తీస్తా," అనుకున్నాడు.

అడిగితే ఈ జవాబే వస్తుందని తెలిసి, పొద్దున రేవు నుంచి వస్తూ ఒక మందపాటి ఆలిచిప్పను జేబులో వేసుకుని మరీ వచ్చాడు. గంగాధరం ఎప్పుడూ మొదటి బంతి తానే ఆడతాడు. మొదటి బంతి ఎప్పుడూ తూర్పు నుంచే వస్తుంది. సముద్రపు గాలి వీపుకు తగులుతుంటే ఏ బౌలరుకైనా ఊపు వస్తుంది కదా. అంటే గంగాధరం నిలబడేది పడమటి కొసన. ఆ కొసన, వికెట్టుకు రెండు బారల ముందు, ఎక్కువ బంతులు పడే చోట, చిప్పను మ్యాటు కింద బోర్లించాడు. పైన అరచేత్తో నిమిరాడు. చూసేవాళ్ళకు తెలియదు. బంతి దాని మీద పడితే మాత్రం ఎటు ఎగురుతుందో దేవుడు కూడా చెప్పలేడు.

మేకులన్నీ కొట్టి, బిందె తీసుకుని బావికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి గంగాధరం మ్యాటు మీద అటూ ఇటూ తిరుగుతూ కాలితో తట్టి చూస్తున్నాడు. చిన్నపోలయ్య బిందె అక్కడే దించి పరుగెత్తాడు.

"బాగానే బిగించినావురా," అని సుత్తి అతని చేతికిచ్చాడు గంగాధరం.

చిన్నపోలయ్య ఊపిరి పీల్చుకున్నాడు.

ముత్తుకూరు జట్టు వచ్చింది. గుంటూరు పెద్దాయన షామియానా కింద కుర్చీలో కూర్చుని నోటుబుక్కు తెరిచాడు. టాస్ వెయ్యబోయే ముందు గంగాధరం తన జట్టువైపు తిరిగాడు.

"పద్మనాభయ్యా, నువ్వు ఈ ఒక్కరోజు కూర్చో. చిన్నపోలయ్యా, ప్యాడ్లు కట్టుకో. మన బ్యాటింగయితే నాతోపాటు ఓపెనింగు నువ్వే."

చిన్నపోలయ్య సుత్తి పక్కన పడేశాడు. అందరూ వీపు తట్టారు. టాస్ కూడా ఇందుకూరుపేటే గెలిచి బ్యాటింగు తీసుకుంది. ప్యాడ్లు కట్టుకుంటుంటే చిప్ప సంగతి చెప్పేద్దామా అనిపించింది ఒక్క క్షణం. మూడేళ్ళు మోసిన బిందె గుర్తొచ్చింది. చెప్పలేదు. గంగాధరం అవుటయ్యాక, మ్యాటు సరిచేసే వంకతో చిప్ప లాగెయ్యడం ఎంతసేపు? అప్పుడు పెద్దాయన చూసేది తన ఆటే.

"మొదటి బంతి నువ్వే ఆడతావు గదన్నా?" అని మాత్రం అడిగాడు.

"ఎప్పుడూ ఆడేదేగదరా," అని నవ్వాడు గంగాధరం.

మొదటి ఓవరులో నాలుగో బంతి సరిగ్గా అనుకున్న చోటే పడింది. అవతలి కొసన చిన్నపోలయ్య మెడ చాచి చూశాడు. బంతి బుద్ధిగా వచ్చి బ్యాటు మీద వాలింది. గంగాధరం దాన్ని ఫోరు కొట్టాడు. చిప్ప పగిలిపోయిందేమోనని చిన్నపోలయ్య పళ్ళు నూరుకున్నాడు.

రెండో ఓవరు పడమర నుంచి. తూర్పు కొసన చిన్నపోలయ్య బ్యాటు పట్టాడు. ఇక్కడ అతనికి ఏ భయమూ లేదు. మొదటి బంతిని ఆపాడు. రెండోది నిదానంగా వచ్చింది, చిన్నపిల్లవాడైనా కొట్టగల బంతి. ధీమాగా ముందుకడుగు వేసి బ్యాటెత్తాడు. మ్యాటు మీద పడిన బంతి బుట్టలో చేపలా ఎగిరి, అతని బొటనవేలు మీద కొట్టి, కీపరు చేతుల్లో పడింది.

అంపైరు వేలెత్తాడు. షామియానా కింద పెద్దాయన ఏదో రాసుకుని తల అడ్డంగా ఊపాడు.

చిన్నపోలయ్య మ్యాటు వంకే చూస్తూ నిలబడ్డాడు. గంగాధరం అవతలి కొస నుంచి నడిచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. కుర్రవాణ్ణి ఓదారుస్తున్నాడు, ఎంత మంచి కెప్టెనో అని జనం చప్పట్లు కొట్టారు. గంగాధరం అతని చెవి దగ్గరికి వంగాడు.

"ఛాన్సు ఎప్పుడియ్యాల్నో నాకు తెలుసునని పొద్దున్నే చెప్పినా గదరా. నువ్వు పడమట పెట్టిన చిప్పను తూర్పుకు మార్చినాకే ఇచ్చినా."