విరగని బెండకాయ

టప్!

ముసలాయన బెండకాయ చివర విరిచి బుట్టలో పడేశాడు. ఇంకోటి తీశాడు. అది విరగలేదు, వంగింది.

"తాతగారూ, చివర్లు విరిచేసిన బెండకాయలు ఎవరు కొంటారండీ?" గేటు ముందు పీట మీద కూర్చున్న ఆమెకి ఒళ్ళు మండింది.

"విరగని బెండకాయ ఎవరు తింటారమ్మాయ్?"

అంటూనే అరకిలో తూయించుకుని, వీధి చివర ఆకుపచ్చ తలుపు ఇంటికేసి నడిచాడు. అంత మాటన్నవాడు కొనడం ఎందుకో!

ఆమె పెరట్లో పండించినవి అమ్మడం మొదలెట్టి మూడు వారాలైంది. గోడలకి రంగులేసే భర్త నిచ్చెన మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఏడాది దాకా పనిమాట ఎత్తొద్దన్నాడు డాక్టరు.

"మా ఇంటికొచ్చెయ్యండే, ఓ మూల పడుంటారు" అంది అక్క.

మూల పడుండటానికి మేమేమన్నా చీపురుకట్టలమా అనుకుంది ఆమె. కొంగు బిగించి పెరడంతా తవ్వేసింది. ఇక ఇల్లు గడవాలంటే ఆ పెరడే గడపాలి.

మొదటి వారం వీధి వీధంతా వచ్చింది. "బాగున్నాయమ్మా" అన్నారు, "బంగారంలా ఉన్నాయమ్మా" అన్నారు. మూడో వారానికి నలుగురు మిగిలారు. తక్కినవాళ్ళు ఎందుకు రావట్లేదో ఆమెకి అంతుపట్టలేదు. ఎదురుపడితే మాత్రం అదే నవ్వు, అదే "బాగున్నాయమ్మా".

సరిగ్గా అప్పుడు దాపురించాడు ఈ ముసలాయన.

"నిన్నటి తోటకూరలో ఇసుక. పళ్ళ కింద కరకరమంది."

"దోసకాయ చేదు. మొక్కకి ఓ పూట నీళ్ళు పోసి ఓ పూట ఎండబెడుతున్నావా?"

"టమాటాలు రెండో రోజుకే మెత్తబడ్డాయి. మిట్టమధ్యాహ్నం కోశావు కదూ?"

అచ్చం కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం. ఆమె ఆయనకి ఈకల తాత అని పేరు పెట్టేసింది.

"ఎందుకా పీడ? రావద్దని చెప్పెయ్" అన్నాడు మంచం మీంచి భర్త.

"రానివ్వండి. ఆ నోటితోనే బాగుందనిపిస్తాను. అనిపించకపోతే నా పేరు మార్చి పిలవండి."

పంతం పట్టింది.

బరువు తగ్గినా సరే, బెండకాయలు ఒక రోజు ముందే కోసింది. తోటకూర మూడు నీళ్ళలో కడిగింది. దోసపాదుకి రెండు పూటలా చెంబుతో కొలిచినట్టు నీళ్ళు పోసింది. తెల్లారకముందే లేచి, టమాటాలు చల్లగా ఉండగానే తెంపింది. చేతులు కాయలు కాశాయి. పోనీ కాయనీ అనుకుంది.

మెల్లగా జనం పెరిగారు. మానేసినవాళ్ళు మళ్ళీ వచ్చారు. పక్క వీధివాళ్ళూ వచ్చారు. పొద్దున్న ఎనిమిదయ్యేసరికి బుట్టలు బోర్లించేస్తోంది. మూల మాటెత్తిన అక్క కూడా ఓ రోజు సంచీ పట్టుకుని గేటు ముందు నిలబడింది. ఆ రోజు ఆమె అక్కకి తూకం మరీ ఖచ్చితంగా తూచింది.

ఈకల తాత మాత్రం బాగుందన్న పాపాన పోలేదు.

"సొరకాయ గింజ ముదిరింది. రెండ్రోజుల ముందు కొయ్యాల్సింది" అన్నాడు ఆఖరిసారి.

ఆ తర్వాత రాలేదు.

ఆమె ఒక సొరపిందెని కళ్ళల్లో పెట్టుకుని పెంచింది. గోరు గుచ్చితే దిగిపోయేంత లేతగా ఉన్నప్పుడు కోసి, చంకన పెట్టుకుని బయల్దేరింది. "దీనికి వంక పెట్టండి చూద్దాం" అనే మాట దారి పొడుగునా నోట్లో నూరుకుంటూ పోయి, ఆకుపచ్చ తలుపు కొట్టింది.

కోడలు తలుపు తీసింది.

"మామయ్యగారు మా ఆడపడుచు ఊళ్ళో పోయి పన్నెండు రోజులైందమ్మా. మేం నిన్ననే తిరిగొచ్చాం."

ఆమె లోపలికి తొంగిచూసింది. కిటికీ పక్కన వాలుకుర్చీ ఖాళీగా ఉంది.

"ఒక్కసారైనా బాగుందనిపిద్దామని తెచ్చానండీ" అంది ఆమె. "నా కూర ఒక్కటీ ఆయనకి నచ్చలేదు." అంతసేపూ పౌరుషంగా నిలబడ్డ మనిషికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

కోడలు వింతగా చూసింది.

"ఆయన కూర తిని నాలుగేళ్ళయిందమ్మా. పేగుకి ఆపరేషన్ అయ్యాక పాలూ, పళ్ళరసమే."

"మరి రోజూ కొనేవారే! రోజూ వంక పెట్టేవారే!"

"కొన్నవి రోజుకో ఇంట్లో ఇచ్చొచ్చేవారు. ఎవరు పండించారో చెప్పేవారు కాదు. చెబితే మొహమాటపడి నిజం చెప్పరట. మర్నాడు వెళ్ళి, ఎలా ఉందో చెప్పేదాకా కదిలేవారు కాదు. వాళ్ళన్న మాటే మీ దగ్గరికి మోసుకొచ్చేవారు."

"వాళ్ళంతా నాతో బాగున్నాయనే అన్నారే..."

కోడలు వెళ్ళి పెరటి తలుపు తీసింది.

గడ్డి కమ్మేసిన మడులు. గోడకి ఆనించి తుప్పుపట్టిన పార. దాని పక్కన చివికిపోయిన బుట్టలు, ఒక తక్కెడ.

"మామయ్యగారూ ఒకప్పుడు పెరటి కూరలే అమ్మారమ్మా" అంది. "కొన్నవాళ్ళందరూ బాగున్నాయి, బాగున్నాయి అంటూనే ఒక్కొక్కరే రావడం మానేశారు. ఎందుకు మానేశారో మాత్రం ఆయనకి ఒక్కరూ చెప్పలేదు."