ముక్కల మీద కాగితం

మా పెళ్లయి పదకొండు రోజులు. మాల్టాలోని స్లీమా రేవు ఎదుట మా చిన్న ఫ్లాట్‌లో మా ఆయన విస్టిన్ రాత్రిపూట ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి పోకర్ పేకాట ఆడుతుంటే, పక్కన కూర్చుని జున్ను కూరిన వేడి వేడి పస్తీత్సీ పఫ్‌లు తినడం కూడా నాకు పండగే.

"ఈ ఎదుటివాడికి నా ముక్కలు కనిపిస్తున్నాయి బంగారం. మంచివి పడ్డాయంటే చాలు, ఆట వదిలేస్తాడు. ఇదంతా మోసమైతే రేపే మానేస్తాను. కానీ నాకు ఇంకో పని రాదే," అన్నాడు.

"ఓడినవాళ్లందరూ అనే మాటే ఇది. లెక్కలు చదివినదాన్ని, నేను తేలుస్తాగా."

తెర మీద అతని ముక్కలు కనబడే చోట చిన్న కాగితం అంటించాను.

"ఇప్పుడు నువ్వూ చూడకుండా ఆడు. వాడు తడబడితే ఆటలో మోసం లేనట్టే. మంచి ముక్కలు చూసి నువ్వు పడే తొందరే నీ గుట్టు బయటపెడుతోందన్నమాట."

"సరే పంతులమ్మా," అని నవ్వాడు.

ఎప్పుడూ క్షణంలో ఆడేసే ఎదుటివాడు ఈసారి కదల్లేదు.

"చూశావా, తడబడ్డాడు," అన్నాను గర్వంగా.

అంతలో తెర మూల వాడి మాటలు కనిపించాయి: "ఆ కాగితం తియ్యమ్మా, నాకు అడ్డంగా ఉంది."

మా కంప్యూటరుకు కెమెరా లేదు. ఆ కాగితం కనబడాలంటే మా వెనకే నిలబడి చూడాలి. మేమిద్దరం తెర మీది నుంచి చూపు తిప్పలేదు.