బస్సులోని నీళ్ల సీసా

గౌరవ్వా,

నా రాత వంకరటింకరగ ఉంటది, తప్పులు గూడ ఉంటయి. ఏమనుకోకు, మెల్లగ చదువుకో.

ఎండకాలం పది కొట్టంగనే పని ఆపాలని ఈ ఎడారి దేశపు సర్కారు రూలు పెట్టింది. కంపెనీ ఆపింది. కానీ మూడున్నర దాకా మమ్ముల ఇంజన్ బంద్ చేసిన బస్సులనే కూసోబెట్టేది.

పనోళ్ల తరఫున ఒకన్ని ఓట్లేసి ఎన్నుకోవాలని ఇంకో రూలు వచ్చింది. నోరిప్పనని కంపెనీ నా పేరు పెట్టింది. మనోళ్లు గూడ నాకే ఏసిండ్రు. "చాడీలు చెప్పనోడివి నువ్వొక్కనివే కాకా" అన్నడు మా రూముల ఉండే మారుతి.

మీటింగుల మేనేజరు "ఏమన్న తక్లీఫా?" అని అడిగిండు. బస్సుల నుంచి తెచ్చిన నీళ్ల సీసా ఆయన ముందల పెట్టిన. ముట్టి, చెయ్యి ఎనుకకు గుంజుకున్నడు.

వారం దినాలల్ల ఏసీ గది ఇచ్చిండ్రు. పగటీలి అండ్లనే పంటున్నం.

నిన్న నన్ను పిలిచి, "ముసలోనివైనవ్, ఇంటికి పో" అని టికెట్ చేతిల పెట్టిండ్రు. నీకు ఆపరేషన్ అయిననాడు, పెండ్లాం కాడికి పోతనని కాళ్లమీద పడ్డా పంపనోళ్లు వీళ్లే.

మారుతికి చూపించిన. "మంచిది కాకా" అన్నడు. టికెట్ నాకు తిరిగిచ్చుకుంట, "అయితే మాకు మల్ల బస్సే" అన్నడు.

పొద్దుటి సంది సామాన్ల డబ్బాకు తాడు కడుతున్న, ఇప్పుతున్న. టికెట్ వచ్చే నెల పదో తారీకుది. ఓట్లేసి ఎన్నుకున్నోడు పోనంటే బలవంతంగ పంపరాదని గూడ రూలున్నదట. రమ్మంటవో, ఉండమంటవో జల్ది రాయి.