విటమిన్ సీసా

"అమ్మా! కండ్లు తెరువే!"

భర్త సృజన్ కేకకు నిరుపమ వంటగదిలోకి పరుగెత్తింది. అత్తగారు తారాబాయి సింకు ముందు నేల మీద ఒరిగి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. నిన్నటి ఏకాదశి ఉపవాసం ఇంకా విడవలేదు. గట్టు మీద పాలగ్లాసు నిండుగా ఉంది. పక్కనే మూత తీసిన విటమిన్ సీసా.

నిరుపమ సీసా వైపు వేలు చూపింది.

"అత్తమ్మ దీంట్లోవి వేసుకున్నదా?"

"రోజూ వేసుకుంటది, నువ్వు డ్యూటీకి పోయినంక. విటమిన్లే కదా?"

కావు. తనకు భర్త మీద కోరిక పూర్తిగా సన్నగిల్లిందని చెప్పుకుంటే డాక్టరు రాసిచ్చిన మాత్రలవి. రక్తపోటు పడిపోవచ్చు, స్పృహ తప్పవచ్చు, పడుకునే ముందే వేసుకోమని డాక్టరమ్మ మరీమరీ హెచ్చరించింది. మందు మొదలుపెట్టిన వారానికే హైదరాబాదు నుంచి అత్తగారు దిగుతుండటంతో, నిరుపమ వాటిని ఖాళీ విటమిన్ సీసాలో పోసి దాచింది. అప్పటి నుంచి రెండు నెలలుగా రాత్రికొకటి, లైటు వేయకుండా తడుముకుని మింగుతోంది.

ఫోన్లో అంబులెన్సు వాళ్లతో మాట్లాడుతున్న సృజన్ తలెత్తాడు.

"దారిలనే, మోటర్‌వే మీద ఉన్నరంట. ఏం మందులు వాడుతదని అడుగుతున్నరు."

విటమిన్లని చెబితే తన పరువు దక్కుతుంది. ఆవిడ ప్రాణం? నిరుపమ ఫోను లాక్కుని మందు పేరు, అది దేనికిచ్చారో కూడా చెప్పేసింది.

సృజన్ ఫోను తిరిగి అందుకుని ఆమె వైపు తిరిగాడు. ఈ పరాయి దేశంలో, టకానిని ఊళ్లోని ఈ కొత్త ఇంట్లో నెలన్నరగా వాళ్లిద్దరూ మళ్లీ కొత్త దంపతులయ్యారు. మందు పనిచేస్తోందనడానికి నిరుపమకు అంతకు మించిన రుజువు అక్కరలేకపోయింది.

"అంటే, నీరూ... ఇన్ని దినాలు నువ్వు నా దగ్గరికొచ్చింది గోలీలతోనా?"

ఏనాడైనా అతను ఇదే అడుగుతాడని ఆమె భయం.

తారాబాయి కనురెప్పలు కదిలాయి. నిరుపమ ఆమె తలను ఒడిలోకి తీసుకుంది.

"అత్తమ్మా, ఈ సీసాల గులాబి రంగు గోలీలు ఎన్ని వేసుకున్నరు?"

"నేను తెచ్చుకున్న విటమిన్లే ఆ సీసాల పోసుకున్న గదనే, బిడ్డా," తారాబాయి నీరసంగా గొణిగింది. "గులాబివి ఖరాబయినయనుకొని నేనొచ్చిన నాడే పారేసిన."