లైన్లో రొద

ప్రకాశరావు వెంటనే పాట పెట్టడు. ముందు నిశ్శబ్దం వింటాడు.

తలుపు వేసుకుని, ఫ్యాను ఆపి, కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని ఆంప్లిఫయర్ స్విచ్చి నొక్కుతాడు. స్పీకర్లలోంచి చిన్న సడి కూడా రాకూడదు. అప్పుడుగానీ రికార్డు పెట్టడు. తెనాలి మొత్తంలో అంత మంచి సిస్టమ్ ఇంకెవరింట్లోనూ లేదని ఆయన నమ్మకం. ఎవరూ కాదనలేదు, ఎవరికీ పట్టలేదు కనుక.

ఈ మధ్య ఆ నిశ్శబ్దంలో ఒక రొద చేరింది. సన్నగా, గీమంటూ, ఆగకుండా. పాట వస్తున్నంతసేపూ అణిగి ఉండేది. పాట ఆగితే మళ్లీ మొదలు.

"కరెంటు లైన్లోంచి వస్తోంది. ఎవరో మన లైను పాడుచేస్తున్నారు," అన్నాడు భార్యతో. "వినపడుతోందా?"

"అవునండీ," అంది అనసూయ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

ఎలక్ట్రీషియన్ శాలేమురాజుని పిలిపించాడు. అతను గుమ్మంలోనే నిలబడి విన్నాడు.

"వస్తోందా లేదా?"

"అవునండి, వస్తోందండి."

మీటరు దగ్గర్నుంచి సిస్టమ్‌కి వేరే వైరు లాగారు. లైన్ ఫిల్టర్ డబ్బా పెట్టారు. పెరట్లో గుంట తీసి, ఉప్పూ బొగ్గులూ పోసి కొత్త ఎర్తు వేశారు. తడి ఆరకూడదని ఆ గుంటలో ప్రకాశరావే రోజూ బిందెడు నీళ్లు పోశాడు. మొక్కలకైనా ఆయన అంత శ్రద్ధగా పోసి ఎరగడు. రొద మాత్రం తగ్గలేదు.

అప్పుడు ఆయన చూపు మేడ మీదికి వెళ్లింది.

మేడ మీద వెంకట్, దుర్గ అద్దెకుంటున్నారు. వాళ్లది రేపల్లె అవతల సముద్రం ఒడ్డు ఊరు. అక్కణ్ణుంచి చేపలు తెచ్చి వెంకట్ తెనాలిలో ఇళ్లకు అమ్ముతాడు. అందుకోసం పైన పెద్ద డీప్ ఫ్రీజరు పెట్టాడు. దుర్గకు నెలలు నిండుతున్నాయి. తల్లి లేని పిల్ల. కాన్పు ఇక్కడి డాక్టరమ్మ దగ్గరే. తోడుంటానని అనసూయ మాటిచ్చింది.

ఇక ప్రకాశరావుకి అంతా అనుమానమే. వెంకట్ తల వంచుకుని మెట్లు ఎందుకు దిగుతాడు? తనని చూడగానే దుర్గ లోపలికి ఎందుకు పోతుంది? ఫ్రీజరు ఆపించి చూశాడు. రొద పోలేదు. ఆపినట్టు నటించారనుకున్నాడు. పడుకున్నా గోడల్లోంచి అదే రొద. అంటే దొంగచాటుగా ఇంకేదో మిషను కూడా నడుపుతున్నారన్నమాట!

ఒక సాయంత్రం దుర్గని మెట్ల దగ్గరే ఆపి నిలదీశాడు. "ఆ చప్పుడు మీ ఇంట్లోంచే కదా?"

దుర్గ కొంగు సర్దుకుంది. "అవునండి బాబాయిగారూ."

ఒప్పేసుకుంది! ఇంకేం కావాలి?

"ఇల్లు ఖాళీ చెయ్యండి."

వెంకట్ పరిగెత్తుకొచ్చి చేతులు పట్టుకున్నాడు. "కాన్పయ్యేదాకా ఉండనివ్వండి బాబాయిగారూ. కావాలంటే ఫ్రీజరు అమ్మేస్తాను. చేపల వ్యాపారమంటే ఎవరూ ఇల్లివ్వట్లేదండి."

ప్రకాశరావు చేతులు విడిపించుకున్నాడు. అనసూయ కూడా చెప్పి చూసింది.

"నిండు మనిషండీ. ఇప్పుడెక్కడికి పొమ్మంటాం?"

"వాళ్ల తరఫున నువ్వెందుకు మాట్లాడుతున్నావు?" అని ఆవిడ వంకా అనుమానంగానే చూశాడు.

సామాను ఎత్తే రోజు మాత్రం ఆయనకి మొహం చెల్లలేదు. తెల్లారకుండానే బాపట్లలో స్నేహితుడి ఇంటికి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి మేడ ఖాళీగా ఉంది. రేపల్లెలో ఎవరో చుట్టాలు వసారాలో చోటిస్తామన్నారట. లారీ ముందు సీట్లో కడుపు పట్టుకుని కూర్చుని వెళ్లింది దుర్గ. ఆ మాట చెప్పి అనసూయ కళ్లు తుడుచుకుంది.

ఆయన మనసు చివుక్కుమంది. అయినా తిన్నగా సిస్టమ్ గదిలోకే నడిచాడు. ఇన్నాళ్ల పోరు దేనికోసం మరి!

తలుపు వేసి, కుర్చీలో వాలి, కళ్లు మూసుకుని స్విచ్చి నొక్కాడు.

రొద. సన్నగా, గీమంటూ, ఆగకుండా.

ప్రకాశరావుకి ఒళ్లు మండిపోయింది. ఒక్క ఉదుటున లేచి వసారాలోకి వచ్చాడు.

"దొంగలు! పోతూ పోతూ పైన ఏదో మిషను ఆన్ చేసి పోయారు! నువ్వే చెప్పు, లైన్లోంచి ఇంకా వస్తోందా లేదా?"

విసనకర్రతో విసురుకుంటున్న అనసూయ చెయ్యి ఆగింది.

"పొద్దున వాళ్ల లారీ తగిలి మన సర్వీసు వైరు తెగిపోయిందండీ, అప్పట్నుంచీ ఇంట్లో అసలు కరెంటే లేదు."