రంగు పట్టని ముగ్గు

పూజిత మౌస్‌ని బల్లకేసి కొట్టినంత పని చేసింది. ఎరుపు పోస్తే పట్టదు, పసుపు పోస్తే పట్టదు. తెర నిండా ఉన్న ముగ్గు మాత్రం బోడిగా, తెల్లగా అలాగే కూర్చుంది.

"కొమురమ్మా, ఇలా రా ఒకసారి. ఇలా గీశావేంటి?"

ఫిల్మ్ నగర్‌లో ఆర్ట్ డైరెక్టర్ వరప్రసాద్ ఆఫీసది. కొమురమ్మ అక్కడ ఊడ్చి తుడిచే మనిషి. పోయిన నెల గేటు ముందు ఆమె వేసిన ముగ్గు ఆయన కంటపడింది. కొత్త సినిమాలో హీరోయిన్ ఇంటి సెట్టు, వాకిట్లో ఇరవై అడుగుల ముగ్గు. "అచ్చం ఇదే కావాలి" అన్నాడు. ఆమె కాగితం మీద గీసివ్వాలి. పూజిత దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, రంగులు నింపి, నేలకి అంటించే స్టిక్కరుగా అచ్చుకి పంపాలి. నాలుగింటికల్లా ఫైలు ప్రెస్సులో ఉండాలి. లేకపోతే నెట్‌లో దొరికిన ఏదో ఒక ముగ్గు పెట్టేసుకుంటానని, పూజిత రేపట్నుంచి రానక్కర్లేదని పొద్దున్నే తేల్చి చెప్పాడు. పాపం, ఆ పిల్లకి ఇదే మొదటి సినిమా. టైము చూస్తే మూడూ ఇరవై.

కొమురమ్మ చీపురు గోడకి ఆనించి వచ్చి, కాస్త దూరంగా నిలబడింది.

"చూడు. ప్రతి మెలికా చక్కగా చుట్టూ తిరిగొచ్చి చివర్లో ఆగిపోయింది. ఇక్కడ, ఇదిగో ఇక్కడ, ఇక్కడ కూడా. మిరపగింజంత ఎడం. గీత గీతతో కలిసి గడి మూసుకుంటేనే లోపల రంగు నిలిచేది. లేకపోతే చిల్లు బిందెలో నీళ్లు పోసినట్టే."

"రంగులెందుకు తియ్యి బిడ్డా. తెల్లగనే ఉండనియ్యి."

"బాగుంది! సార్ నా తోలు తీస్తారు. గీసేటప్పుడు చెయ్యి వణికిందా ఏంటి?"

"వణకలే."

"మరి?"

కొమురమ్మ తల దించుకుంది. "కలపకు బిడ్డా. నీ కాల్మొక్త. గట్లనే ఉంచు."

"ఎందుకో చెప్పు పోనీ."

కొమురమ్మ వెనక్కి తిరిగి చీపురందుకుంది. పూజితకి ఒళ్లు మండిపోయింది. చెప్పమంటే చెప్పదు, కలపమంటే వద్దంటుంది. ఈవిడ చాదస్తంతో నా ఉద్యోగం ఊడేలా ఉంది అనుకుంది.

"సరేలే, వెళ్లు. నేను చూసుకుంటా" అంది.

కొమురమ్మ బకెట్టు పట్టుకుని మేడ మీదికి వెళ్లగానే పూజిత తెర మీది ముగ్గంతా ఒక్కసారిగా సెలెక్ట్ చేసింది. విడిపోయిన కొసలన్నీ కలిపెయ్యమని ఒక్క నొక్కు నొక్కింది. ఎనభై ఆరు ఎడాలు రెప్పపాటులో మూసుకుపోయాయి. ఎరుపు పోస్తే ఎరుపు నిండింది. పసుపు పోస్తే పసుపు నిండింది. అబ్బ, ఎంత అందం! పూజిత ప్రాణం లేచొచ్చింది. నాలుగుకి పది నిమిషాలుందనగా ఫైలు పంపేసింది.

కొమురమ్మ దిగి వచ్చి తెర వంక చూసింది. బకెట్టు చేతిలోంచి జారి, నీళ్లు గది నిండా పారాయి.

"కలిపినవా?"

"కలిపేశా. చూడు, నీ ముగ్గు ఎంత బాగుందో!"

"ఇప్పు బిడ్డా. జర ఇప్పు. జల్దీ!"

"ఇప్పడానికి లేదు. మిషనెక్కేసింది."

కొమురమ్మ ఆ తడి నేల మీదే కూలబడింది. పూజితకి ఏదో తప్పు చేశానని తెలుస్తోంది, ఏం తప్పో తెలియడం లేదు. పక్కకి చేరి భుజం పట్టుకుంది. అంతలో ఫోను మోగింది. వరప్రసాద్. స్పీకర్ ఆన్ చేసింది.

"అమ్మాయ్, ముగ్గు అదిరింది! రేపు పొద్దున ఆరున్నరకి ముహూర్తం. కొమురమ్మని కూడా రమ్మను. స్టిక్కరు మీద మొదటి చిటికెడు పిండి ఆవిడ చేత్తోనే వేయిద్దాం. ముత్తైదువ చెయ్యి, శుభం."

ఫోను పెట్టగానే పూజిత కాస్త నవ్వు తెచ్చుకుంది. "విన్నావుగా? రేపు మంచి చీర కట్టుకుని రా."

"రేపు నేను రాను బిడ్డా."

"ఏం? అలిగావా?"

"అలగలే." కొమురమ్మ తెర మీది ముగ్గు వంక చూసింది. "గీత కలిస్తెనే ముగ్గు. కలవకుంటె ఉత్త గీతలే. సావయిన ఇల్లు బిడ్డా మాది. దినాలు గాకముందు ముగ్గెయ్యద్దు. గందుకె కలపకుండ గీసిచ్చిన."

పూజిత చెయ్యి ఆమె భుజం మీదే బిగుసుకుపోయింది. "అయ్యో... మరి సార్‌తో చెప్పొచ్చుగా?"

"సెప్తె గేటు దాటనిస్తరా? కొత్త సిన్మాకు మైల మనిషి అడ్డమొచ్చిందంటరు. నా జాగల ఇంకొకామెను పెట్టుకుంటరు. మొన్న జొరమని నాలుగు దినాలు రాలే గద. జొరం గాదు."

పూజితకి కన్నీళ్లు ఆగలేదు. కొమురమ్మ నుదుట రూపాయి బిళ్లంత బొట్టు, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. అత్తో మామో పోయి ఉంటారు, పెద్దవయసు వాళ్లే అయి ఉంటారు అని తనకి తాను సర్దిచెప్పుకుంది.

"పోయింది ఎవరు కొమురమ్మా?"

"మా ఇంటాయన, బిడ్డా. రేపు దినాలు. పొద్దుగాల్నే ఈ బొట్టు తుడిచి, గాజులు పలగ్గొడ్తరు."