వంతుకు రాని మనిషి

తిరుపతి పొలిమేర దాటీ దాటగానే ఎదురుగాలి ఈడ్చి కొట్టింది. కోమలి హ్యాండిల్ మీదికి వంగి, వెనక్కి చూసింది. ఉన్నాడు. తలకు తువ్వాలు చుట్టుకుని, పాత సైకిలు మీద, రోజూలాగే ఆమె వెనకే వస్తున్నాడు.

ఆషాఢంలో సాయంత్రం వేళ చంద్రగిరి వైపు సైకిలు తొక్కడమంటే ఏటికి ఎదురీదడమే. పైగా లాడ్జి రిసెప్షన్లో పొద్దంతా నిలబడి వచ్చిన కాళ్లు. గాలినంతా ఆమె కోసుకుంటూ పోతుంటే, ఈ పెద్దమనిషి తేరగా ఆమె వీపు చాటున వస్తున్నాడు. ఉగాది పోయినప్పట్నుంచీ ఇదే వరస. మనసులో అతనికి గాలిదొంగ అని పేరు కూడా పెట్టేసింది.

గాలి చాటు సంగతి ఆమెకు నేర్పింది భర్త మునిచంద్ర. సైకిలంటే అతనికి ప్రాణం. ఇద్దరూ ఇదే రోడ్డు మీద కలిసి పనులకు వెళ్లేవాళ్లు.

“ముందుపోయేవాళ్ల చాటున పోతే సగం కష్టం తగ్గుతాది. కానీ దానికీ ఒక మర్యాద ఉండాది కోమలీ,” అనేవాడు.

అడక్కుండా ఎవరి వెనకా చేరకూడదు. చక్రానికి చక్రం తగలనీయకూడదు. గుంత కనిపిస్తే ముందున్నవాళ్లు చెయ్యి చూపించాలి. కాసేపయ్యాక వెనకున్నవాళ్లు ముందుకొచ్చి తమ వంతు గాలి తాము మొయ్యాలి. చెప్పడమే గానీ, ఆమె వంతు కూడా ఎప్పుడూ అతనే మోసేవాడు.

పోయినేడు కల్వర్టు దగ్గర టమాటా వ్యాను వెనక నుంచి కొట్టిన రోజు అతను ఒంటరిగా ఉన్నాడు. ఆమెకు జ్వరం. ఆ జ్వరాన్ని ఈనాటికీ తిట్టుకుంటుంది. కోర్టు వాయిదాలకు మరిది తిరిగాడు, ఆమె గడప దాటలేదు.

తర్వాత కడుపు ఊరుకోదు గనక పనికి బయల్దేరింది. బస్సులో పోవచ్చు. కానీ అతని సైకిలు మూలన పడేస్తే మనిషి ఇంకోసారి పోయినట్టే అనిపించింది. ఎక్కింది. మొదట్లో వెనక ఏ బండి చప్పుడు వినిపించినా వీపు మీద జెర్రి పాకినట్టయ్యేది. ఎలాగో అలవాటు పడింది.

ఆ సాయంత్రం మాత్రం ఓపిక చచ్చిపోయింది. బ్రేకు వేసి దిగింది.

“ఏమయ్యా, దినామూ నా ఈపు సాటున వస్తా ఉండావే, ఒక్కపొద్దన్నా ముందుకొచ్చినావా? మర్యాద తెలీదా నీకు?”

అతను తల దించుకున్నాడు. “ముందుకు రాలేనమ్మా.”

“ఏం, నీకు కాళ్లు లేవా?”

అతను తువ్వాలు కొసతో మొహం తుడుచుకున్నాడు.

“రేపట్నించి నా ఎనక కనబడితే బాగుండదు, సూడు.”

“అట్లేలేమ్మా,” అన్నాడు. సైకిలు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

మర్నాడు పొద్దున అతను రాలేదు. పీడ విరగడైందనుకుంది కోమలి. ఆ సంతోషం పెట్రోలు బంకు దాకా కూడా నిలవలేదు. వెనక ఏదో లారీ హారను కొట్టింది. అంతే, చేతులు చచ్చుబడిపోయాయి. సైకిలుని రోడ్డు పక్క కంపల్లోకి తోసి, తనూ పడింది. మోకాళ్లు పట్టుకుని వణుకుతూ కూర్చుంది. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా ఇలా కాలేదే!

అప్పుడు తట్టింది. పొద్దున తిరుపతికి పోయేటప్పుడు గాలి వెనక నుంచే కదా వీచేది? ఎవరి చాటూ అక్కర్లేదు. అయినా వెనకే వచ్చేవాడు. అదీ ఆనుకుని కాదు. రెండు బారలు వదిలి, కుడిపక్కకు జరిగి, బండ్లు దూసుకొచ్చే వైపున. అక్కడ గాలి చాటు ఎక్కడిది? కల్వర్టు రాగానే తలమీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకునేవాడు. గాలికి ఎగిరిపోతుందనేమో అనుకుంది ఇన్నాళ్లూ.

మునిచంద్రను బాగా ఎరిగినవాడే అయ్యుంటాడు. తనను కాపు కాస్తున్న మనిషిని గాలిదొంగ అనుకుంది. కోమలికి ఏడుపు ఆగలేదు.

పెట్రోలు బంకులో అడిగితే తువ్వాలు మనిషి పేరు గోవిందని, ఇల్లు చెరువు కట్ట కిందని చెప్పారు. ఆ సాయంత్రమే అరటిపళ్లు తీసుకుని వెళ్లింది. అతని భార్య సిద్ధమ్మ విత్తనానికి వేరుశెనక్కాయలు వలుస్తూ ఉంది.

“గోవిందన్న లేడా అక్కా? తిరుపతిలో పని నుంచి ఇంకా రాలేదా?”

“తిరుపతిలో ఆయనకేం పనమ్మా? ఈడనే కోళ్లఫారంలో పని. పొద్దున ఆడిదాకా పోయి ఊరికే తిరిగొస్తాడు, సాయంత్రం మళ్లా పోతాడు. ఎందుకని అడిగితే సెప్పడు. ఈ పొద్దు పోలేదు. అన్నం గూడా ముట్టలేదు.”

కోమలి అరటిపళ్లు పక్కన పెట్టింది.

“నా కోసమేనక్కా. నేను మునిచంద్ర భార్యను. నిన్న తెలీక నోరు పారేసుకున్నా. ఆయన ఎనక లేకపోతే ఆ రోడ్డు మీద నేను సైకిలు తొక్కలేను. రేపట్నించి మళ్లా రమ్మని సెప్పక్కా. మా ఆయనకు అన్న స్నేహితుడా?”

సిద్ధమ్మ చేతులు చేటలోనే ఆగిపోయాయి. లేచి వచ్చి కోమలి రెండు చేతులూ పట్టుకుంది.

“ఆ పొద్దు మీ ఆయన ఎనక వచ్చింది గూడా ఈయనేనమ్మా, టమాటా వ్యాను తోలుకుంటా.”